రేడియేషన్ ఒక్కటే కాదు, ఆ పసుపు మెరుపు గురించి కూడా అడగాలి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ పోస్టు పొడుగ్గా ఉంటది. బస్సులో కూర్చొని చదవండి, లేకపోతే ఆదివారం చదవండి. కానీ సగం చదివి లైక్ కొట్టి పోవద్దు. మన మీద మనకే కోపం వచ్చే మాటలు కొన్ని ఉన్నయి ఇందులో.

నేను ఇప్పుడు ఉంటున్నది తుక్కుగూడలో. నలుగురం కలిసి ఒక రూము. గేటు దాటితే శ్రీశైలం హైవే. ఈ రోడ్డు పట్టుకొని కడ్తాల్, ఆమన్‌గల్, డిండి దాటితే మన్ననూర్ చెక్‌పోస్టు, ఆ తర్వాత మా అడవి. రాత్రి డ్యూటీ దిగి వచ్చేటప్పుడు అచ్చంపేట బస్సు కనబడితే ఎక్కెయ్యాలనిపిస్తది. మా పెంటలో చాలామందికి ఊరు పేరు చెప్పుడు రాదు, వాగు పేరు చెప్తరు. ఏ చెలిమలో నీళ్లు తియ్యగుంటయి, ఏ బుగ్గ ఎండాకాలం కూడా ఎండదు, ఆరేళ్ల పిల్లకు కూడా తెలుసు. ఈ పోస్టు ఆ నీళ్ల గురించే.

2019 గుర్తుందా? అప్పుడు నేను డిగ్రీలో ఉన్న. ఆ ఏడాది మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 83 చదరపు కిలోమీటర్లు, నాలుగు వేల బోర్లు. అడవి అంతా లేచింది. హైదరాబాద్‌లో సినిమావాళ్లు కూడా ట్వీట్లు పెట్టిండ్రు. సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ ఏకగ్రీవంగా వద్దని తీర్మానం చేసింది. గెలిచినం అనుకున్నం. డప్పులు కొట్టినం.

ఆ ఉద్యమంలో నేను మాట్లాడిన ప్రతి మీటింగులో ఒకటే మాట చెప్పిన: రేడియేషన్, క్యాన్సర్, రేడియేషన్, క్యాన్సర్. మన పోస్టర్లన్నిటి మీదా అదే పుర్రె బొమ్మ. ఒక మీటింగులో ఒక ఆఫీసరు సారు నవ్వి, "బాబూ, నువ్వు బీఎస్సీ కెమిస్ట్రీ కదా, యురేనియం రాయి లక్షల ఏండ్ల నుంచి మీ కాళ్ల కిందనే ఉంది, ఇప్పటిదాకా మీకేమైంది?" అని అడిగిండు. నా దగ్గర జవాబు లేదు. నేను నినాదం ఇచ్చిన, జనం చప్పట్లు కొట్టిండ్రు. సారు మళ్లీ నవ్విండు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు అరగలేదు. కెమిస్ట్రీ చదివినోణ్ని అయ్యుండి, జవాబు నా సెకండియర్ పుస్తకంలోనే ఉంటే, నేను నినాదం వెనక దాక్కున్న.

ఆ జవాబు ఇప్పుడు చెప్త.

భూమి లోపల, గాలి తగలని చోట, రాయి ఊకనే ఉంటది. సారు చెప్పినంత వరకు నిజమే. కానీ ఆ రాయిలో యురేనియం ఒక్కటే ఉండదు. మన దిక్కు, అంటే శ్రీశైలం ఉపబేసిన్‌లో, లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల్ దిక్కు, యురేనియం ఖనిజం గ్రానైటుకూ దాని మీద పరుచుకున్న క్వార్ట్‌జైటుకూ మధ్య సందులో ఉంటది. దాంతో పాటు పైరైట్, గెలీనా, చాల్కోపైరైట్ కూడా కనబడతయని జియాలజీ వాళ్లే రాసుకున్నరు. ఇవన్నీ సల్ఫైడ్ ఖనిజాలు. లోహం గంధకంతో అంటుకొని ఉన్నదన్నమాట. పైరైట్ అంటే ఇనుము, గంధకం. గెలీనా అంటే సీసం, గంధకం. చాల్కోపైరైట్ అంటే రాగి, ఇనుము, గంధకం. పైరైట్ బంగారంలాగ పసుపుగా మెరుస్తది. చిన్నప్పుడు ఇట్లాంటి రాయి దొరికితే బంగారం దొరికిందని జేబులో పెట్టుకుంటం కదా, అదే.

ఆ పసుపు రాయికి గాలి, నీళ్లు తగిలితే ఏమైతది? ఇందులోనే ఉంది మొత్తం కథ. ఇత్తడి చెంబును చింతపండుతో తోమితే చిలుము పోయి తళతళలాడుతది. పులుపు చిలుమును కరిగించింది. గనిలో కూడా పులుపే కరిగిస్తది. కానీ తేడా ఏందంటే, ఇక్కడ చింతపండు బయటి నుంచి తేనక్కర్లేదు. రాయే తన పులుపును తాను తయారు చేసుకుంటది. పైరైట్‌లోని గంధకం గాలిలోని ఆక్సిజన్‌తో, నీళ్లతో కలిసి సల్ఫ్యూరిక్ ఆసిడ్ అయితది. కారు బ్యాటరీలో పోసే ఆసిడ్ అదే. లెక్క వేసి చూడండి, ఇంటర్ చదివినోళ్లకు వస్తది: ఒక కిలో పైరైట్ మొత్తం కరిగితే కిలోన్నర కన్నా ఎక్కువ, దాదాపు 1.6 కిలోల సల్ఫ్యూరిక్ ఆసిడ్ వస్తది. రాయి కన్నా ఆసిడ్ బరువెక్కువ. ఎందుకంటే గాలిలోంచి ఆక్సిజన్ వచ్చి కలుస్తది.

దీంట్ల అసలు పని చేసేది ఇనుము. ఇనుముకు రెండు రూపాలున్నయి, ఫెర్రస్, ఫెర్రిక్. ఫెర్రిక్ ఇనుము ఆకలి మీదున్న మేస్త్రీ లాంటిది. పైరైట్ దగ్గరకు పోయి దాని ఎలక్ట్రాన్లు గుంజుకుంటది. గుంజుకోగానే కడుపు నిండి ఫెర్రస్ అయితది, ఇంక పని చేయదు. రాయి ఎంత కరిగినా ఆ ఫెర్రస్ మళ్లీ ఫెర్రిక్ కావాలి. ఒక్క పైరైట్ అణువు కరగడానికి పద్నాలుగు ఫెర్రిక్‌లు కావాలి. ఆమ్లపు నీళ్లలో ఫెర్రస్ మళ్లీ ఫెర్రిక్‌గా మారడం చాలా నిదానం. గాలికే వదిలేస్తే ఏండ్లు పడతది. మరి గనుల్లో ఎందుకంత జల్దీ కరుగుతది?

బ్యాక్టీరియా. 1947లో అమెరికాలో కోల్మర్, హింకిల్ అనే ఇద్దరు బొగ్గు గని నుంచి కారే పుల్లటి నీళ్లలో ఒక బ్యాక్టీరియాను పట్టుకున్నరు. అది తినే తిండే ఫెర్రస్ ఇనుము. ఫెర్రస్‌ను ఫెర్రిక్‌గా మార్చి దాంతో బతుకుతది. ఆసిడ్‌లో హాయిగా ఈదుతది. దాని పేరు ఇప్పుడు ఆసిడిథయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్. ఈ బ్యాక్టీరియాతో పని దాదాపు పది లక్షల రెట్లు వేగం అందుకుంటదని 1970లో సింగర్, స్టమ్ రాసిండ్రు. ఈ చిన్న జీవి ఆకలిగొన్న మేస్త్రీలను ఎప్పటికప్పుడు తయారు చేసి పంపుతనే ఉంటది. నీళ్లున్నంత కాలం, గాలున్నంత కాలం, పైరైట్ ఉన్నంత కాలం. గని మూసి కంపెనీ బోర్డు పీకేసినా దానికి జీతం ఆగదు.

అన్ని సల్ఫైడ్లూ ఒకే తీరుగా కరగవు. పైరైట్ ఒట్టి ఆసిడ్‌కు లొంగదు, దానికి ఫెర్రిక్ ఉండాల్సిందే. గెలీనా, స్ఫాలరైట్ అంటే జింకు సల్ఫైడ్, ఇవి ఆసిడ్‌కు కూడా లొంగుతయి. వాటి గంధకం మొదట పసుపు పొరలాగ రాయి మీద పేరుకుంటది, ఆ పొరను తినే బ్యాక్టీరియా వేరే ఉంది, అది గంధకాన్ని మళ్లీ ఆసిడ్ చేస్తది. చాల్కోపైరైట్ మొండిది. కొంచెం కరగగానే పైన పొర కట్టుకొని ఆగిపోతది, కంపెనీవాళ్లకు దాంతో పెద్ద తలనొప్పి. ఇంకో ముచ్చట కూడా ఉంది. రెండు సల్ఫైడ్లు ఒకదాన్నొకటి అంటుకొని నీళ్లలో ఉంటే అది చిన్న బ్యాటరీ అయితది. పైరైట్ తాను నిలబడి పక్కనున్న జింకునో, రాగినో ముందు కరిగిస్తది. బలమైనోడు పక్కోణ్ని ముందు తోసినట్టు. ఆ తోపులాటలో నీళ్లలోకి వచ్చేది జింకుతో అంటుకున్న కాడ్మియం, ఇంకేమేమో.

ఇదంతా తెలిసినోళ్లకు వ్యాపారం కూడా అయింది. చిలీలో రాగి రాయిని కుప్పలు పోసి పైనుంచి ఆసిడ్ నీళ్లు చల్లి, బ్యాక్టీరియాతో కరిగించి, కింద కారిన నీలం నీళ్లలోంచి రాగి తీస్తరు. దాన్ని లీచింగ్ అంటరు. ప్లాస్టిక్ పరిచి, గోడ కట్టి, లెక్కతో చేస్తే లీచింగ్. ప్లాస్టిక్ లేకుండా, లెక్క లేకుండా, మీ వాగులో జరిగితే దాన్ని కాలుష్యం అంటరు. కెమిస్ట్రీ మాత్రం ఒకటే. నాకు కోపం తెప్పించేది ఈ మాటే: కంపెనీ ల్యాబులో ఈ చర్యను గంట గంటకూ కొలుస్తరు, మన దగ్గరికి వచ్చేసరికి "ఏం కాదు, రాయి రాయే" అంటరు.

యురేనియానికి కూడా ఇదే ఫెర్రిక్ కావాలి. రాయిలో యురేనియం ఉండే రూపం మామూలుగా ఆసిడ్‌లో కరగదు. దాని దగ్గర రెండు ఎలక్ట్రాన్లు గుంజితేనే కరుగుతది. జార్ఖండ్‌లో, హో, సంతాల్ అన్నదమ్ముల నేల మీద, జాదూగూడ మిల్లు 1960ల ఆఖరు నుంచి నడుస్తున్నది. అక్కడ రాయిని పిండి చేసి, సల్ఫ్యూరిక్ ఆసిడ్, పైరోల్యూసైట్ అనే మాంగనీస్ ఖనిజం వేసి కరిగిస్తరు. మాంగనీస్ ఇనుమును ఫెర్రిక్ చేస్తది, ఫెర్రిక్ యురేనియాన్ని కరిగిస్తది. రాయిలో పైరైట్ ఎక్కువుంటే అది ఈ ఫెర్రిక్‌ను తినేస్తది, ఇంకా ఎక్కువ మందు పోయాలి. ఆఖరికి యురేనియం పోతది, మిగిలిన పిండి బురద చెరువులోకి పోతది. యురేనియం తీసినా రాయిలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం, రేడియం, థోరియం రూపంలో ఆ బురదలోనే ఉంటది. సున్నం కలిపి ఆ రోజుకు పులుపు చంపుతరు. కానీ కరగకుండా మిగిలిన పైరైట్ కూడా అదే బురదలో కూర్చొని ఉంటది. సున్నం అయిపోయిన రోజు దాని డ్యూటీ మొదలైతది. రేడియేషనూ ఆసిడూ రెండు వేర్వేరు సంగతులు కావని ఇక్కడ తెలుస్తది. ఆసిడే కదిలించే చెయ్యి. కదలని సీసం, కదలని థోరియం, కదలని భారలోహాలు పులుపు తగిలితే నీళ్లెక్కి ప్రయాణం చేస్తయి.

"మరి తుమ్మలపల్లెలో ఆసిడ్ వాడట్లేదు కదా" అని మనలోనే కొందరు అడుగుతరు. మంచి ప్రశ్న. కడప జిల్లా తుమ్మలపల్లెలో యూసీఐఎల్ మిల్లు 2012లో మొదలైంది. అక్కడి యురేనియం డోలమైట్ సున్నపురాయిలో ఉంది. సున్నపురాయి మీద ఆసిడ్ పోస్తే ఆసిడ్ అంతా ఖాళీ అయితది. అందుకే సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్, ఆక్సిజన్ పెట్టి, ప్రెజర్‌లో, 120 డిగ్రీలు దాటిన వేడితో కరిగిస్తరు. అక్కడి రాయిలోనూ పైరైట్ ఉంది. ఆ వేడిలో అదీ కరిగి, సోడియం కార్బొనేట్‌ను తినేసి సోడియం సల్ఫేట్ అనే ఉప్పుగా మారుతది. అంటే అక్కడ పులుపు సమస్య కాదు, ఉప్పు సమస్య. కేకే కొట్టాల చుట్టుపక్కల రైతులు బోర్లు పాడైనయి, అరటి తోటలు ఎండినయి అని ఏండ్లుగా మొత్తుకుంటున్నరు. కంపెనీ మా చెరువు వల్ల కాదంటది. 2019లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి కంపెనీకి నోటీసు కూడా ఇచ్చింది.

కానీ తుమ్మలపల్లె చూపించి నల్లమలకు భరోసా ఇస్తే నేను ఒప్పుకోను. అక్కడ సున్నపురాయి ఉంది, పులుపు పుట్టినా చంపేస్తది. మన దగ్గర ఏముంది? క్వార్ట్‌జైట్, గ్రానైట్. క్వార్ట్‌జైట్ అంటే ఒట్టి ఇసుక గట్టిపడ్డ రాయి. దానికి పులుపును చంపే గుణం లేదు. గ్రానైట్ చంపుతది కానీ ఎంత నిదానంగానంటే లెక్కలోకి తీసుకోలేం. టన్ను రాయిలో ఒక శాతం సల్ఫైడ్ గంధకం ఉంటే, ఆ పులుపును చంపడానికి 31 కిలోల సున్నపురాయి కావాలి. ఇది ప్రపంచమంతా గని ఇంజనీర్లు వాడే లెక్క. సున్నం లేని నేలలో ఆ 31 కిలోలు ఎవరు తెస్తరు? ఎన్నేండ్లు తెస్తరు?

మన రాయిని పోలిన రాయి కథ ఒకటి చెప్త. కెనడాలో ఎలియట్ లేక్. అక్కడి యురేనియం కూడా క్వార్ట్‌జ్ గులకరాళ్ల శిలలో, పైరైట్‌తో కలిసి ఉంది, సున్నం లేదు. 1950లలో తవ్వకం మొదలైంది, 1996లో ఆఖరి గని మూతబడింది. కింద సర్పెంట్ నది. నది కింది భాగంలో అనిషినాబే జనం, అక్కడి ఆదివాసులు. మిల్లుకు కావలసిన సల్ఫ్యూరిక్ ఆసిడ్ ఫ్యాక్టరీని కూడా వాళ్ల భూమిలోనే పెట్టిండ్రు, చూడండి ఎట్లుంటదో. బురద కుప్పల్లో పైరైట్ పుల్లబడి నదిలోకి దిగింది. తమాషా ఏందంటే, అక్కడి కంపెనీలే ఖాళీ గనుల గోడలు నీళ్లతో కడిగి, అదే బ్యాక్టీరియాతో కరిగిన యురేనియాన్ని పట్టుకొని అమ్ముకున్నయి. అంటే సైన్స్ వాళ్లకు బాగానే తెలుసు. ఇప్పుడు ఆ బురదలో చాలా భాగాన్ని నీళ్ల కింద ముంచి ఉంచిండ్రు, గాలి తగలకుండా. ఆ కట్టలు తెగకుండా, ఆ నీళ్లు ఎండకుండా కాపలా కాయాలి. ఎన్నాళ్లు? గడువు లేదు. నల్లమల ఎండల్లో ఏప్రిల్ నెలలో ఒక చెరువును ఎండకుండా వందల ఏండ్లు కాపాడతామని ఎవరన్నా కాగితం మీద సంతకం పెడతరా?

మన దేశంలోనే చూడాలంటే మేఘాలయ పోండి. జైంతియా కొండల బొగ్గులో గంధకం ఎక్కువ. లూఖా నది చలికాలంలో నీలంగా మారేది, చేపలు తేలేవి. 2014లో ఎన్‌జీటీ ర్యాట్‌హోల్ తవ్వకం ఆపమన్నది. అక్కడ తవ్వింది బయటి కంపెనీ కాదు, ఎక్కువగా అక్కడి ఆదివాసీ భూయజమానులే. ఇది మనోళ్లకు నచ్చదు, కానీ రాయికి మన కులం, మన జెండా తెలవదు. ఎవరు తవ్వినా అట్లనే కరుగుతది.

ఇక మన మీద మనకు రావాల్సిన కోపం. మన పేజీల్లో "యురేనియం తవ్వితే హైదరాబాద్ మొత్తం చచ్చిపోతది" అని రాస్తం. పదివేల షేర్లు వస్తయి. మరునాడు ఒక సైంటిస్టు టీవీలో కూర్చొని అది అబద్ధమని రెండు నిమిషాల్లో తేల్చేస్తడు. ఆ రెండు నిమిషాలతో మన నిజం కూడా కొట్టుకపోతది. పుర్రె బొమ్మ ఈజీ. ఒక్కో బోరులో సల్ఫైడ్ గంధకం ఎంత శాతం, పులుపును చంపే గుణం ఎంత, ఈ రెండు అంకెలు అడగడం కష్టం. కానీ ఆఫీసరు నవ్వు ఆగేది ఆ రెండు అంకెలు అడిగిన రోజే. కోర్ శాంపిల్ తీసినప్పుడు ఈ పరీక్ష చేయడం పెద్ద ఖర్చు కాదు. యురేనియం ఎంత ఉందో చెప్పడానికి ఉన్న శ్రద్ధ, ఆసిడ్ ఎంత పుడతదో చెప్పడానికి ఎందుకుండదు? బోరు తవ్వేటోళ్లను ఇంకోటి అడగాలి: తవ్వినాక ప్రతి బోరును అడుగు నుంచి సిమెంటుతో నింపుతరా? నింపకపోతే అది గాలినీ పైనీళ్లనూ లోపలి రాయి దగ్గరికి తీసుకపోయే గొట్టమే.

అడగడానికి జాగ కూడా తగ్గుతున్నది. 2003 ఆగస్టులో పెద్దగట్టు, లంబాపూర్ ప్రాజెక్టు మీద పబ్లిక్ హియరింగ్ పెడితే నల్లగొండ జనం, తండాల జనం పోయి ముఖం మీద అడిగిండ్రు. ఆ గని ఇయ్యాల్టికీ మొదలు కాలేదు. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఒక మెమో ఇచ్చింది: అణు ఖనిజాల, కీలక ఖనిజాల గనులకు పబ్లిక్ హియరింగ్ అక్కర్లేదట. దేశ భద్రత అట. యురేనియం అణు ఖనిజం. నికెల్, కోబాల్ట్, మాలిబ్డినం కీలక ఖనిజాల లిస్టులో ఉన్నయి, ఇవి చాలా చోట్ల సల్ఫైడ్ రాళ్లలోనే ఉంటయి. అంటే ఎక్కడ పులుపు పుట్టే అవకాశం ఎక్కువో అక్కడే మన నోరు కట్టేస్తరు. అసెంబ్లీ తీర్మానం మనకు ఉంది. కానీ అది తీర్మానం, చట్టం కాదు. పీసా కింద, అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ మిగిలి ఉంది. 2013లో నియమగిరిలో పన్నెండు పల్లెల సభలు వద్దన్నయి, వేదాంత ఆగింది. మన గ్రామసభ రిజిస్టర్లో "వద్దు" అని ఒక్క లైన్ కాదు, ఈ ప్రశ్నలన్నీ రాసి సంతకాలు పెట్టాలి.

"నీ చేతిలో ఫోన్ ఉంది, అందులో రాగి లేదా?" అని నా రూమ్మేటే అడిగిండు. ఉంది రా. నేను పనిచేసే చోట పొద్దుందాక రాగి తీగలే చూస్త. రాగి వద్దని నేను అనట్లేదు. ఆ రాగి ధరలో మలంజ్‌ఖండ్ గని పుల్లనీళ్ల ఖర్చు ఎవరు కట్టిండ్రు అని అడుగుతున్న. అక్కడ బైగా, గోండు జనం ఉంటరు. బిల్లులో ఆ లైన్ ఉండదు, అందుకే రాగి అగ్గువకు దొరుకుతది.

ఇప్పుడు చేయాల్సిన పని ఒకటి చెప్త. రేపు ఏదైనా అయితే వాళ్లు చెప్పే మొదటి మాట "మీ నీళ్లు ముందు నుంచే అట్లున్నయి" అని. తుమ్మలపల్లె రైతుల దగ్గర ముందటి లెక్క లేదు, వాళ్ల గోస అదే. మన నీళ్లు ఇప్పుడు బాగున్నయి. ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. పీహెచ్ ఎంత, సల్ఫేట్ ఎంత, ఇనుము ఎంత, కరిగిన ఉప్పులు ఎంత. పీహెచ్ పేపర్ ఒక్కటే చాలదు. పులుపు పుట్టినా మొదట్లో మట్టి చంపేస్తది, పీహెచ్ మారకముందే సల్ఫేట్ పెరుగుతది. అందుకే సల్ఫేట్ ముఖ్యం. వానకాలం ఒకసారి, ఎండాకాలం ఒకసారి, అదే చెలిమ, అదే బుగ్గ, అదే బోరు. తేదీ, టైము, ఫోటో. నోట్‌బుక్‌లో బాల్ పెన్నుతో, పేజీ నంబర్లు వేసి. మా అమ్మలకు ఏ నీళ్లు ఎప్పుడు రంగు మారినయో నెల లెక్కన గుర్తుంటది, అది కూడా పక్కన రాయండి.

రెండు మీటర్లు, నలభై సీసాలు కొన్నం. సల్ఫేట్ పరీక్షకు ఒక కాలేజీ ల్యాబులో మేడం ఒప్పుకున్నరు. వచ్చే ఆదివారం పోతున్నం. వచ్చేటోళ్లు పొద్దున ఐదున్నరకు తుక్కుగూడ చౌరస్తాలో, అచ్చంపేట దిక్కు పోయే బస్సు ఆగే కాడ ఉండండి. అన్నం కట్టుకొని రండి. సీసాలు మేం తెస్తం, కడిగిన గంజి నీళ్ల సీసాలు మాత్రం తేవొద్దు, లెక్క తప్పుతది.